నాలుగు వేల దగ్గర అఖాతం

పురసవాక్కంలో చెప్పుల షాపు పైన
రెండో అంతస్తులో నా గది.
గది లోపల ఇంకో గది. దాని గోడలకి స్పాంజి.
మద్రాసు మొత్తంలో హారన్ దూరని చోటు
నాకు తెలిసి అదొక్కటే.
"చప్పుడు వినబడితే వేలెత్తండి" అంటాను.
అద్దం అవతల కూర్చున్నవాళ్ళు
వినబడకపోయినా నా మొహం చూసి ఎత్తుతారు.

మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు నేనే లోపలికి పోయి తలుపేసుకుంటాను.
రెండు నిమిషాలు బాగుంటుంది.
మూడో నిమిషానికి నా రక్తం నాకే వినబడుతుంది,
ఎవరో పక్కింట్లో మోటారు కట్టెయ్యడం మర్చిపోయినట్టు.

పదకొండేళ్ళలో మొదటిసారి పది రోజుల సెలవు.
మునిరత్నం మన్నడిలో టికెట్ల జమాలుద్దీన్ దగ్గర్నించి
అండమాను పటం తెచ్చాడు.
వెనకవైపు బొమ్మలు: నీళ్ళ మీద స్కూటర్లు,
ఇసకలో కొవ్వొత్తుల భోజనం,
రాత్రి పదకొండు దాకా డీజే.
"అందరూ వెళ్ళేది ఇక్కడికే" అన్నాడు,
అదే దాని గొప్పతనమన్నట్టు.

నేను పటం తిరగేసి పరిచాను.
ఫ్యాను గాలికి లేవకుండా
ఒక మూల ఉప్పు డబ్బా, ఒక మూల అతని ఫోను.
వేలు పైకి జరిపాను.
హోటళ్ళ చుక్కలు పలచబడ్డాయి.
పేరుకీ పేరుకీ మధ్య ఖాళీ పెరిగింది.
మాయాబందర్. ఇంకా పైకి, డిగ్లిపూర్.
ఆ పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో కాలిపూర్.
"అక్కడేముంది?"
"ఏమో. అందుకే."

"పన్నెండు గంటల బస్సు."
బస్సొద్దు. ఆ రోడ్డు జరావాల అడవిలోంచి పోతుంది.
ఇంకొకరి పెరడు తొక్కుకుంటూ
నేను ప్రశాంతతకి పోలేను.
పడవ దొరికితే పడవ, లేదంటే మానేద్దాం.
అతను ఉప్పు డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టాడు.
అతని ఒప్పుకోలు అలాగే ఉంటుంది.

బుధవారం రాయపురం నుంచి సింగారయ్య వచ్చాడు.
ఇరవై ఆరేళ్ళు అండమాను ఓడ ఇంజను గదిలో పని.
మాట్లాడితే అరుస్తాడు,
తన గొంతు తనదాకా రావాలి కదా.
లేవాల్సిన చోట వేలు లేవలేదు.
కాయితం మీద గీత తిన్నగా వచ్చి వచ్చి
నాలుగు వేల దగ్గర గుంటలో పడింది,
పటంలో సముద్రం తీరాన్ని కొరికిన చోటులాగ.

నిశ్శబ్దం వెతుక్కుంటూ మేం ఎక్కబోయే ఓడ
ఈయన చెవులు కాల్చుకుని నడిచింది.
ఆ మాట పైకి అనలేదు.
అంటే వినబడదని కాదు.

కాయితం వెనక రాసి చూపించాను:
కాలిపూర్. సద్దు లేని చోటు.
చదివి, స్పాంజి గది కూడా అదిరేలా నవ్వాడు.
"సద్దు లేదా? అక్కడా? కీచురాళ్ళు చెవులు కోసేస్తాయమ్మా!
కోసేవి. అప్పట్లో.
రాత్రి తాబేలు గట్టెక్కి గుంట తవ్వుతుంది.
టార్చి వెయ్యకు. దగ్గరికి పోకు.
నేను పోయేసరికే నా చెవులు సగం అయిపోయాయి,
అది ఇసక వెనక్కి విసురుతుంటే
పాదాలకి తెలిసింది, అంతే.
ఆ చప్పుడెలా ఉంటుందో విని వచ్చి చెప్పు."
"మీకెలా చెప్పను?" అని రాశాను.
"వేలెత్తు" అన్నాడు.

రాత్రి మునిరత్నం సంచి సర్దుతున్నాడు.
మామిడికాయంత స్పీకరు పెట్టాడు.
తీశాను. మళ్ళీ పెట్టాడు.
మేం పోయాక కూడా ఆ చోటు అలాగే ఉంటుందా అని
నాకప్పుడు భయమేసింది.
"డీజే లేకపోతే పదకొండు దాకా ఏం చేస్తాం?" అన్నాడు,
ఈసారి నిజంగానే అడుగుతున్నట్టు.
కింద ఆఖరి బస్సు గట్టిగా బ్రేకు వేసింది.
ఆ వెనకే, చాలా చిన్నగా,
బాల్కనీ గ్రిల్లు మీద పావురం కాలు మార్చుకుంది.
నేను వేలెత్తాను.